అంకణం నుంచి అంతస్తు దాకా: ఎత్తైన కట్టడాల పదజాలం, పునరభివృద్ధి – ఉదయగిరి, ఆత్మకూరు ఆధారంగా వివరణ

వ్యాససంగ్రహం

నగరాల నడిబొడ్డున ఉన్న పాత కట్టడాలను తొలగించి, వాటి స్థానంలో బహుళ అంతస్తుల భవనాలను నిర్మించే ప్రణాళికలను నేడు ‘పునరభివృద్ధి’ అనే మాటతో వ్యవహరిస్తున్నారు. ఈ చర్చ మహానగరాలకే పరిమితమైనట్లు కనిపించినా, దానికి ఆధారమైన భవన నిర్మాణ నియమాలు చిన్న పురపాలక పట్టణాలకూ వర్తిస్తాయి. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరులను ఆధారంగా తీసుకొని, ఇంటినీ స్థలాన్నీ ఎత్తునూ తెలుగు ఏ మాటలతో చెప్పిందో, వాటి చోట చేరుతున్న కొత్త మాటలు ఏ అర్థాలను చెబుతున్నాయో, వేటిని వదిలివేస్తున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అంకణం, అంతస్తు, మిద్దె, దుర్గం, పేట, రోడ్డు విస్తరణ, పునరభివృద్ధి, పునరావాసం.

1. ఉపోద్ఘాతం

ఉదయగిరి, ఆత్మకూరు ఆకాశహర్మ్యాల పట్టణాలు కావు. ఉదయగిరి కొండకోటకు పేరొందిన మండల కేంద్రం. ఆత్మకూరు పురపాలక పట్టణం. నెల్లూరు నుంచి బద్వేలు వైపు సాగే 67వ నంబరు జాతీయ రహదారి దీని మీదుగా పోతుంది. కర్నూలు ప్రాంతంలోనూ తెలంగాణలోనూ ఇదే పేరుగల ఊళ్లు ఉన్నందువల్ల, ఇక్కడ ఉద్దేశించినది నెల్లూరు జిల్లా ఆత్మకూరు అని గుర్తించాలి.

ఎత్తైన భవనాల గురించిన పరిశీలనకు ఇటువంటి ఊళ్లను ఎంచుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఆంధ్రప్రదేశ్‌లో భవన నియమాలు నగరానికి ఒకటి, పట్టణానికి ఒకటిగా లేవు. పురపాలక సంఘం ఏర్పడిన ప్రతిచోటా దాదాపు అవే నియమాలు అమలులోకి వస్తాయి. అంటే భవనాల కంటె ముందుగా వాటి నియమాలు ఊరికి చేరుతాయి. రెండవది, ఈ ప్రాంతపు వ్యవహారంలో స్థలాన్నీ ఇంటినీ ఒకే కొలమానంతో చెప్పే పద్ధతి నిలిచి ఉంది. కొత్త పదజాలం ఏమి మారుస్తుందో తెలుసుకోవడానికి పాత పదజాలం సజీవంగా ఉన్న చోటే అనువైనది.

2. ఎత్తును చెప్పే తెలుగు మాటలు

ఎత్తైన ఇంటికి తెలుగులో పేర్లు తక్కువేమీ కావు. మేడ, మిద్దె, మాళిగ, ఉప్పరిగ అనేవి వ్యవహారంలోనూ కావ్యాలలోనూ కనిపించేవి. సౌధం, హర్మ్యం, ప్రాసాదం అనేవి సంస్కృతం నుంచి వచ్చినవి. వీటిలో ఒక్కొక్కటి ఇంటిలోని ఒక్కొక్క గుణాన్ని పట్టి చూపుతుంది.

‘మేడ’ను తమిళంలో వేదికను తెలిపే ‘మేడై’తోనూ, మిట్టను తెలిపే ‘మేడు’తోనూ పోల్చవచ్చు, నేలకంటె పైకి లేచి ఉండడం ఈ మాటలకు సామాన్యమైన అర్థం. ‘ఉప్పరిగ’లో ‘ఉపరి’ అనే పైభాగపు అర్థం స్పష్టం. ‘సౌధం’ ఎత్తును చెప్పదు. ‘సుధ’ అంటే సున్నం కనుక, సున్నపు పూతతో తెల్లగా మెరిసే భవనమని దాని వ్యుత్పత్తి. ‘మిద్దె’ అర్థం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కొన్ని జిల్లాలలో అది మేడకు పర్యాయపదం. రాయలసీమలోనూ దానికి ఆనుకొని ఉన్న ప్రాంతాలలోనూ చదునైన కప్పుగల ఇల్లు ఒక్క అంతస్తుదైనా మిద్దే. కొట్టం, పెంకుటిల్లు, మిద్దె అనే వరుస ఎత్తును బట్టి ఏర్పడినది కాదు. కప్పును బట్టి ఏర్పడినది.

‘ఆకాశహర్మ్యం’ ఆధునిక పత్రికాభాషలో స్థిరపడిన మాట. అయితే ఆ భావన కావ్యభాషకు కొత్తది కాదు. ‘అభ్రంకషం’ అంటే మేఘాన్ని ఒరుసుకొనేది. అష్టాదశ వర్ణనలలో ఒకటైన పురవర్ణనలో సౌధాలకు ఇది పరిచితమైన విశేషణం. ఇంగ్లీషు మాటలోని ఆకాశాన్ని గీరే ఊహకు అది చాలా దగ్గరగా ఉన్నా, పత్రికలు దానిని చేపట్టలేదు.

‘అంతస్తు’ మాటకు మరొక విశేషం ఉంది. అది భవనపు తలాన్ని తెలుపుతుంది. మనిషి సాంఘిక స్థాయినీ తెలుపుతుంది. ‘ఆస్తి అంతస్తులు’ అనే జంటపదంలో రెండవ అర్థమే ప్రధానం. భవనపు ఎత్తునూ దానిలో ఉండేవారి హోదానూ ఒకే మాటలో చెప్పే అలవాటు నేటి గృహవిక్రయ ప్రకటనలతో మొదలైనది కాదని దీనివల్ల తెలుస్తుంది.

3. అంకణం: ఇంటి నుంచి పుట్టిన కొలత

నెల్లూరు ప్రాంతంలో ఇళ్ల స్థలాన్ని అంకణాలలో చెప్పడం వాడుక. ఇక్కడి లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. తిరుపతి వైపు అదే మాట 36 చదరపు అడుగులను సూచిస్తుంది. కొలత ఇలా మారడానికి కారణం ఆ మాట అర్థంలోనే ఉంది. అంకణమంటే ఇంట్లో రెండు దూలాల నడుమ, లేదా రెండు స్తంభాల నడుమ ఉండే చోటు. ‘మూడంకణాల ఇల్లు’, ‘ఐదంకణాల ఇల్లు’ అన్నప్పుడు ఇంటి నిర్మాణమే లెక్కకు వస్తుంది. దూలం పొడవు, స్తంభాల దూరం ప్రాంతాన్ని బట్టి మారేవి కనుక, ఆ నిర్మాణం నుంచి పుట్టిన స్థలపు కొలత కూడా అన్నిచోట్లా ఒకే విధంగా స్థిరపడలేదు.

ఈ కొలతలో ఇల్లూ నేలా వేరు కావు. ఐదంకణాల స్థలమంటే ఎంత ఇల్లు పడుతుందో వినేవారికి కళ్లకు కడుతుంది. బహుళ అంతస్తుల భవనంలో ఈ సంబంధం తెగిపోతుంది. అక్కడ కొనుగోలుదారుకు దక్కేవి రెండు: గోడల లోపలి చదరపు అడుగులు, భవనం నిలిచిన నేలలో విడదీయని వాటా. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి భాగాలలో ప్రతి యజమానికీ ఇటువంటి అవిభక్త హక్కును గుర్తించింది. 2016 నాటి కేంద్ర స్థిరాస్తి చట్టం లోపలి వైశాల్యాన్ని కార్పెట్ ఏరియాగా నిర్వచించి, అమ్మకానికి దానినే ఆధారం చేసింది. ఈ రెండు చట్టాలూ కొనుగోలుదారుకు రక్షణ కల్పించేవే. కాని నేలపై వాటా దస్తావేజులో అంకెగా మాత్రమే ఉంటుంది. ఇది నా స్థలమని చేయి చాపి చూపగల చోటు ఉండదు.

4. ఉదయగిరి: ఎత్తుకు మరొక అర్థం

ఎత్తున కట్టుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఉదయగిరి దుర్గం సుమారు 3,000 అడుగుల కొండపై ఉంది. 14వ శతాబ్దంలో విజయనగర సోదరులలో ఒకడైన కంపన ఉదయగిరి కేంద్రంగా పాలించాడు. 15వ శతాబ్దంలో అది గజపతుల చేతికి చిక్కింది. కృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి తర్వాత 1514లో దానిని గెలుచుకొన్నాడు. ఇక్కడినుంచి తీసుకొనిపోయిన బాలకృష్ణ విగ్రహాన్ని హంపిలో ప్రతిష్ఠించి ఆలయం కట్టించాడు.

‘దుర్గం’ అంటే చేరశక్యం కానిది. దారి ఇరుకుగా ఉండడమే దాని బలం. ఈ ముట్టడిని వర్ణించిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాయలు కొండలను తొలిచి, పెద్ద బండలను పగులగొట్టి సైన్యానికి దారి వేయించాడనీ, ముట్టడి ఏడాదిన్నర సాగిందనీ రాశాడు. కోట ఎత్తు అలాగే ఉంది. దారి వెడల్పైన తర్వాత ఆ ఎత్తు రక్షణగా నిలువలేకపోయింది.

ఆధునిక భవన నియమాలు ఈ సంబంధాన్ని తలకిందులు చేశాయి. నేటి ఎత్తైన భవనం చేరశక్యంగా ఉండి తీరాలి. అగ్నిమాపక వాహనం దాని చుట్టూ తిరగగలగాలి. జనం త్వరగా బయటపడగలగాలి. నీటి నిల్వ ఉండాలి. దుర్గానికి దారి శత్రువు. భవనానికి దారి ప్రాణం. అందువల్ల నియమాలు ఎత్తును నిర్ణయించడానికి ముందు వీధిని కొలుస్తాయి.

కొండ పైభాగం పాలకులది, సైన్యానిది. కొండ కిందిది పేట. అంగళ్లు, చేతిపనులు, సామాన్య నివాసాలు పేటలో ఉంటాయి. నేడు ఉదయగిరి అనగానే గుర్తుకు వచ్చే కొయ్య చెంచాలు, గరిటెలు పేటవాసుల పనితనమే. కొండల నుంచి తెచ్చిన కలపతో చేసే ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంటి వద్దనే ఈ పని చేసే కుటుంబాలకు ఇల్లు, పని చోటు వేరు కావు. పునరభివృద్ధి ఎక్కడ జరిగినా అది తాకేది ఇటువంటి పేటలనే.

5. వీధి వెడల్పు, భవనపు ఎత్తు

జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన భవనాన్ని ఎత్తైన భవనంగా పరిగణిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు హైదరాబాదులో ఒక పెద్ద మార్పు తెచ్చింది. అంతకు ముందు స్థల వైశాల్యానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న పరిమితి ఉండేది. దాని స్థానంలో రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ అనే రెండింటితో ఎత్తును నియంత్రించే పద్ధతి వచ్చింది. నగరపు పడమటి అంచున కోకాపేట వంటి చోట్ల 50 అంతస్తులు దాటిన భవనాలు లేవడానికి ఈ మార్పు ముఖ్య కారణాలలో ఒకటి.

2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు ఉత్తర్వు ఈ పద్ధతితో కూడిన నియమాలను రాష్ట్రంలోని పురపాలక ప్రాంతాలకు వర్తింపజేసింది. విభజన తర్వాత 2017 మార్చిలో 119వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆంధ్రప్రదేశ్ తన నియమాలను తిరిగి ప్రకటించింది. 2012 నియమాల ప్రకారం 18 మీటర్లు, అంతకు మించినది ఎత్తైన భవనం. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం కావాలి. 21 మీటర్ల ఎత్తు వరకు ముందరి రోడ్డు 12 మీటర్లు ఉండాలి. భవనం చుట్టూ 7 మీటర్ల ఖాళీ వదలాలి. 24 మీటర్లు దాటితే 18 మీటర్ల రోడ్డు, 30 దాటితే 24 మీటర్ల రోడ్డు, 45 దాటితే 30 మీటర్ల రోడ్డు అవసరం. వ్యవహారంలో నలభై, అరవై, ఎనభై, వంద అడుగుల రోడ్లుగా చెప్పుకొనేవి ఇవే. తర్వాతి కాలంలో అంకెలకు సవరణలు జరిగినా, ఎత్తు వీధికి లోబడి ఉండాలన్న మూలసూత్రం కొనసాగుతూనే ఉంది.

6. బజారువీధికి అన్వయించి చూస్తే

ఈ అంకెలను అంకణాలలోకి మార్చితే వాటి భావం బోధపడుతుంది. 2,000 చదరపు మీటర్లంటే సుమారు 21,528 చదరపు అడుగులు. 72 అడుగుల లెక్కన దాదాపు 299 అంకణాలు. పాత బజారులో పన్నెండు అడుగుల ముఖం, ముప్ఫై అడుగుల లోతు గల అంగడిని ఊహించుకొంటే అది 5 అంకణాలు. అంటే ఎత్తైన భవనం ఒక్కటి లేవాలంటే అటువంటి అరవై అంగళ్ల నేల ఒక్కటి కావాలి.

అంతటితో ఆగదు. 40 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు గల 2,000 చదరపు మీటర్ల స్థలంలో నాలుగు వైపులా 7 మీటర్లు వదిలితే మిగిలేది 26 మీటర్ల వెడల్పు, 36 మీటర్ల పొడవు. అంటే 936 చదరపు మీటర్లు. మొత్తంలో సగానికి తక్కువ. నేలమీద ఖాళీ పెరుగుతుంది. గాలి, వెలుతురు, భద్రత సమకూరుతాయి. కాని వీధి వెంట వరుసగా ముఖాలు గల అరవై అంగళ్ల చోట, వెనక్కు జరిగిన ఒక భవనం, దాని ముందు ఒక ద్వారం మిగులుతాయి.

వీధి వెడల్పు మరొక మెట్టు. బజారు ఇరవై అడుగులదనుకొంటే, దానిని నలభై చేయడానికి ఇరువైపులా పదేసి అడుగులు తీసుకోవాలి. ముప్ఫై అడుగుల లోతుగల అంగడి మూడో వంతు నేలను కోల్పోతుంది. మిగిలిన మూడు అంకణాల పైచిలుకు స్థలంలో కొత్త నియమాలకు అనుగుణంగా కట్టడం కష్టం కనుక, పక్కవారికి అమ్మడమో, పక్కది కొనడమో తప్పనిసరి అవుతుంది. విస్తరణ తర్వాత బజార్లలో చిన్న స్థలాలు పెద్దవాటిలో కలిసిపోవడానికి ఇది ఒక కారణం. కనుక పాత పట్టణంలో ఎత్తైన భవనాల ప్రశ్న మొదట రోడ్డు విస్తరణ ప్రశ్నగా ముందుకు వస్తుంది. ఎత్తు ఎంత అని అడిగేలోపే నేల ఎవరు వదలాలన్నది తేలిపోతుంది.

7. పత్తర్‌గట్టీ: ఒక పూర్వోదాహరణ

పాత బజారును మార్చడానికి ఇది ఒక్కటే మార్గమా అన్న సందేహానికి హైదరాబాదు చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో జలాశయాలు, మురుగు వ్యవస్థ రూపొందాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కిక్కిరిసిన వాడలను తొలగించడం, రోడ్లను వెడల్పు చేయడం, కొత్త నివాసాలు కట్టించడం చేపట్టింది. చార్మినారుకు ఉత్తరాన ఉన్న పత్తర్‌గట్టీ ఆ కాలపు కృషి ఫలితమే.

అక్కడ వీధి విశాలమైంది. ఇరువైపులా రాతి కమానుల వరుస లేచింది. కింద అంగళ్లు, పైన నివాసాలు అమరాయి. అంగడి ముఖం వీధి మీదనే నిలిచింది. నడిచేవారికి కమానుల కింద నీడ దొరికింది. అప్పటి తొలగింపులలో నిర్వాసితులైనవారి కష్టాలను తక్కువ చేయనవసరం లేదు. రాజాజ్ఞతో జరిగిన పని నేటి ప్రజాస్వామ్య పద్ధతికి ఆదర్శమూ కాదు. అయినా వీధిని వెడల్పు చేస్తూనే బజారు స్వభావాన్ని, తక్కువ ఎత్తులోనే నివాస సాంద్రతను నిలుపుకోవడం సాధ్యమని అది చూపుతుంది.

8. పునరావాసం, పునరభివృద్ధి

ఆత్మకూరు ప్రాంతానికి ‘పునః’ చేరిన మాటలలో మొదట పరిచయమైనది పునరావాసం. సమీపంలో పెన్నపై సుమారు 78 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన సోమశిల జలాశయం ముంపు గ్రామాలను సృష్టించింది. వాటిలో ఎక్కువ భాగం కడప జిల్లా వైపువి. ఆ సందర్భంలో ముంపు, పరిహారం, పునరావాసం అనే మాటలు ప్రజల నోళ్లలో నలిగాయి. వాటి అమలు ఎలా ఉన్నా, ఆ పదజాలంలో మనుషులు ఉన్నారు. ‘ఆవాసం’ అనగానే ఎవరి ఆవాసం అన్న ప్రశ్న పుడుతుంది.

‘పునరభివృద్ధి’లో ఆ ప్రశ్న పుట్టదు. అభివృద్ధి చెందేది స్థలం. అక్కడివారు తిరిగి వస్తారా, కొత్తవారు వస్తారా అన్నది మాటలో లేదు. ఈ లోటు నిఘంటువుకు సంబంధించినది మాత్రమే కాదు. రోడ్డు విస్తరణకు స్థలం వదిలిన యజమానికి నగదు పరిహారానికి బదులు బదలాయించదగిన అభివృద్ధి హక్కును ఇచ్చే పద్ధతి ఉంది. టీడీఆర్ బాండుగా పిలిచే ఆ పత్రంతో మరోచోట అదనంగా కట్టుకోవచ్చు, లేదా దానిని అమ్ముకోవచ్చు. ఇది యజమానికీ స్థానిక సంస్థకూ మధ్య ఒప్పందం. ముప్ఫై ఏళ్లుగా అద్దెకు అంగడి నడిపినవారు, అరుగు మీద కుట్టుపని చేసినవారు ఈ ఒప్పందంలో పక్షాలు కారు.

2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం ఇందుకు భిన్నమైన నిర్వచనం ఇచ్చింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, జీవనాధారం కోల్పోయే కౌలుదారులను, చేతివృత్తులవారిని, పట్టణ స్థలాలలో మూడేళ్లుగా నివసిస్తున్న కుటుంబాలను కూడా బాధిత కుటుంబాలలో చేర్చింది. ఒకే వీధిని ఒకే వెడల్పుకు తెచ్చినా, ఏ మార్గంలో తెచ్చారన్న దానిని బట్టి లెక్కకు వచ్చే మనుషుల సంఖ్య మారుతుంది. భూసేకరణ మార్గంలో అద్దెదారు బాధితుడు. బాండు మార్గంలో అతనికి పేరే లేదు.

9. ముగింపు

ఎత్తైన భవనాలను నిరాకరించడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. జనం పెరిగే పట్టణానికి నివాసాలు కావాలి. ఇరుకు సందులలో అగ్నిప్రమాదం జరిగితే చేరుకొనే దారి కావాలి. పొలాలను ఇళ్ల స్థలాలుగా మార్చుకొంటూ ఊరు అడ్డంగా విస్తరించడం కంటె కొంత ఎత్తుకు పెరగడం మేలు కావచ్చు. కాని ఆ నిర్ణయంలో ఎవరు ఏమి వదులుతున్నారో అందరికీ తెలిసే భాషలో చెప్పాలి.

అందుకు తెలుగులో మాటల కొరత లేదు. విస్తరణ ప్రకటనలో చదరపు మీటర్లతో పాటు అంకణాలు పేర్కొనవచ్చు. ‘పునరభివృద్ధి’ అన్నచోట స్థల యజమానులు, అద్దెదారులు, చేతిపనివారు ఎందరో, వారిలో తిరిగి అక్కడే చోటు దొరికేది ఎందరికో విడివిడిగా రాయవచ్చు. భాషాసాహిత్య పరిశోధకులకూ ఇందులో చేయవలసిన పని ఉంది. ఇళ్లకు, కప్పులకు, అంగళ్లకు, వీధి భాగాలకు ఈ ప్రాంతంలో ఉన్న మాటలను, పాత దస్తావేజులలోని హద్దుల వివరణలను సేకరించాలి. తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఏ వీధి అని హద్దులు రాసే దస్తావేజులో ఇరుగుపొరుగుతో కూడిన ఊరు కనిపిస్తుంది. స్థలాలు కలిసి అవిభక్త వాటాలైన నాడు ఆ హద్దులు చెరిగిపోతాయి. వీధిని వెడల్పు చేసే ముందే వాటిని నమోదు చేసుకోవడం అవసరం.